ఒకే కాన్పు, రెండు తూకాలు

మా వంటింట్లో ఒక చిన్న డిజిటల్ తూకం ఉంది. కేకులు చేద్దామని సరదా పుట్టినప్పుడు కొన్నాను. ఆ సరదా నాలుగు నెలల్లో తీరిపోయింది కానీ తూకం మాత్రం ఖాళీగా లేదు. ప్రతి ఆదివారం ఉదయం, ఇడ్లీ కుక్కర్ పొయ్యి మీద ఉండగానే, దాని మీద ఒక టీ కప్పు పెడతాం. అంకె సున్నాకి తెస్తాం. ఆ కప్పులోకి ఒక హామ్‌స్టర్‌ని దింపుతాం. అది మూతి పైకెత్తి, మీసాలు ఆడిస్తూ మమ్మల్ని చూసేలోపు మా అమ్మలు అంకె చదువుతుంది, మా చిన్నా నోట్‌బుక్కులో రాస్తాడు. తర్వాత రెండోది.

తూచిన కప్పులో మళ్ళీ టీ తాగుతామా అని అడక్కండి. ఆ కప్పు వేరే పెట్టాం.

మేం ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటాం. అమ్మలు, చిన్నా కవలలు. పదకొండో పుట్టినరోజుకి ఇద్దరూ కలిసి కుక్క కావాలన్నారు. మావారు వద్దన్నారు. పిల్లి అన్నారు. నేను వద్దన్నాను. నెల రోజుల చర్చల తర్వాత సంధి కుదిరిన ప్రాణి హామ్‌స్టర్. అదీ పెద్ద రకం కాదు, మన బొటనవేలంత ఉండే డ్వార్ఫ్ హామ్‌స్టర్. ఇక్కడ పదహారేళ్ళు నిండని పిల్లలకి జంతువుల్ని అమ్మకూడదని చట్టం. అంటే కాగితం మీద సంతకం నాది, బాధ్యతా నాదే. ఆ సంగతి అప్పట్లో అంతగా తలకెక్కలేదు.

షాపులో గాజు పెట్టె వెనక ఒక మూలన అరడజను బూడిదరంగు ఉండలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. "ఈ రెండూ ఆడవి, ఒకే కాన్పు, ఏడు వారాలవి. కలిపి పెంచుకోవచ్చు" అన్నాడు అక్కడి అబ్బాయి. చేతిలోకి తీసి చూపిస్తే ఒకటి గుండ్రంగా, రెండోది సన్నగా ఉంది. చిన్నా గుండ్రటిదాన్ని అడిగాడు. అమ్మలు ఆలోచించకుండా సన్నటిదాని మీద చెయ్యి వేసింది. కారులో వస్తూ మావారు పేర్లు పెట్టేశారు: లడ్డు, బూందీ. "రెండూ ఒకే మూకుట్లోంచి వచ్చినవే కదా" అన్నారు.

ఇంటికి వచ్చాక తూస్తే లడ్డు 31 గ్రాములు, బూందీ 26.

నాయనమ్మ చూపు

ఆ ఆదివారం తెనాలి నుంచి మా అత్తయ్య వీడియో కాల్ చేశారు. పిల్లలు ఫోన్‌ని కేజ్ దగ్గర పెట్టి చూపించారు. ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని చూశారు.

"ఇదేమిటే అమ్మాయ్, ఒకటి పందికొక్కులా ఉంది, ఒకటి చుంచెలుకలా ఉంది. రెండూ ఒక తల్లి పిల్లలేనా? ఆ చిన్నదానికి తిండి అందుతోందా లేదా?"

"అందుతోంది అత్తయ్యా, ఇవాళే తెచ్చాం."

"పాపం, మన అమ్మలు లాగే ఉంది. ఆ పెద్దది దాని వంతు కూడా లాగేస్తోందేమో చూసుకో."

ఆవిడ ప్రేమతోనే అన్నారు. మా అత్తయ్య ఎవర్నీ నొప్పించే మనిషి కాదు. కానీ ఆ మాట మా ఇంట్లో కొత్తది కాదు. కవలలు 35 వారాలకే పుట్టారు. చిన్నా రెండున్నర కిలోలు, నాలుగు నిమిషాల తర్వాత వచ్చిన అమ్మలు కిలో ఎనిమిది వందలు. ఆస్పత్రి ఫొటో చూసిన దగ్గర్నుంచి బంధువులందరూ ఒకటే మాట: "కడుపులోనే చెల్లెలి వంతు కూడా వీడే లాగేశాడు." నవ్వుతూ అనేవారు. వాడి బుగ్గ గిల్లి అనేవారు. పదకొండేళ్ళు వచ్చినా, ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే అమ్మలు వాడి భుజం దగ్గరికి వస్తుంది. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ గుమ్మంలో దిగగానే ఎవరో ఒకరు అడుగుతారు, "దీనికి తిండి పెట్టడం లేదా?" అని. ఆ ప్రశ్న దానికి కాదు, నాకు. మీలో చాలామందికి ఆ ప్రశ్న తెలిసే ఉంటుంది.

ఫోన్ పెట్టేశాక చూస్తే అమ్మలు అక్కడ లేదు. రాత్రి దుప్పటి కప్పుతుంటే అడిగింది: "అమ్మా, బూందీ లడ్డు అంత అవ్వకపోతే దాన్ని షాపులో తిరిగి ఇచ్చేస్తామా?"

"ఎందుకిస్తాం, పిచ్చిదానా" అన్నాను. కానీ మర్నాటి నుంచి నేను చేసిన పని మాత్రం బూందీని లడ్డు అంత చెయ్యాలనే. గింజల మిక్స్ రెట్టింపు పోశాను. కిస్‌మిస్, అరటిపండు ముక్క, ఖర్జూరం తుంపు, మన ఇంట్లో బాలింతకీ బక్కపిల్లకీ పెట్టే బలమైన తిండంతా ఆ కేజ్‌లోకి వెళ్ళింది. గిన్నె పొద్దున్నకి ఖాళీ. "తింటోంది" అని సంతోషించాను. ఎవరు తింటున్నారో చూడలేదు.

ఒకే తల్లి పిల్లలు ఒకేలా ఎందుకుండరు?

ఈ మధ్యలో హామ్‌స్టర్ల గురించి దొరికిందల్లా చదివాను. మనం పెంచుకునే డ్వార్ఫ్ హామ్‌స్టర్లు ముఖ్యంగా మూడు జాతులు. సైబీరియా, కజకస్తాన్ మైదానాల నుంచి వచ్చిన వింటర్ వైట్, మంగోలియా వైపు నుంచి వచ్చిన క్యాంప్‌బెల్, ఎడారిలో పుట్టి పెరిగే అతి చిన్న రోబొరోవ్‌స్కీ. మొదటి రెండూ పెద్దయ్యాక సుమారు 25 నుంచి 45 గ్రాములు తూగుతాయి. రోబొరోవ్‌స్కీ 20, 25 గ్రాములే. మొదటి రెండు జాతులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కలిపితే కలుస్తాయి కూడా. అందుకే షాపుల్లో దొరికేవాటిలో సంకరాలు చాలా ఉంటాయి. తల్లిదండ్రులే కలగాపులగం అయితే ఒక పిల్ల అమ్మమ్మలా, ఇంకోటి తాతలా తేలడంలో వింతేముంది?

ఇవి కడుపుతో ఉండేది మూడు వారాల లోపే. కాన్పుకి నాలుగు నుంచి ఆరు పిల్లలు మామూలు. పుట్టినప్పుడు ఒక్కో పిల్ల రెండు గ్రాములు కూడా ఉండదు. ఒంటి మీద బొచ్చు ఉండదు, కళ్ళు తెరవవు, కానీ ముందుపళ్ళు మాత్రం పుట్టుకతోనే ఉంటాయి! రెండు గ్రాముల పిల్లలో పావు గ్రాము తేడా అంటే మన మూడు కిలోల బిడ్డలో దాదాపు నాలుగు వందల గ్రాములన్నమాట. అక్కడ మొదలవుతుంది తేడా.

తల్లి గర్భసంచి రెండు పాయలుగా ఉంటుంది. అందులో పిల్లలు దండలో పూసల్లా వరసగా పెరుగుతాయి. ప్రతి పిల్లకీ దాని మాయ దానికే ఉంటుంది, కానీ అన్ని చోట్లా రక్తం ఒకే జోరుగా అందదు. కాన్పులో పిల్లలు ఎక్కువైతే ఒక్కోటి చిన్నగా పుడుతుంది. బయటికొచ్చాక పాల దగ్గర తోపులాట. కొంచెం బరువైన పిల్ల కొంచెం ముందు చేరుతుంది, కాస్త ఎక్కువసేపు తాగుతుంది, రేపటికి ఇంకొంచెం బరువవుతుంది. పది, పన్నెండు రోజులకి కళ్ళు తెరుస్తాయి, గింజలు కొరకడం మొదలెడతాయి. మూడు వారాలకి పాలు మానేస్తాయి. తమ తిండి తాము తినడం మొదలయ్యాక చాలా చిన్నపిల్లలు నెమ్మదిగా అందుకుంటాయి. కొన్ని జీవితాంతం చిన్నగానే, హాయిగా ఉంటాయి. మగవి సాధారణంగా ఆడవాటికన్నా కాస్త బరువు.

ఆడవాళ్ళం కాబట్టి ఈ ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. క్యాంప్‌బెల్ జాతిలో తండ్రి పురుడు పోస్తుందట! బిడ్డని బయటికి లాగడంలో సాయపడి, పొరలు తీసి, శుభ్రం చేస్తుందని కెనడాలోని క్వీన్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2000లో రాశారు. ఇది మావారికి చదివి వినిపించాను. ఆయన ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అన్నారు.

లడ్డు కడుపుతో ఉందా?

నవంబర్‌కి లడ్డు 42 గ్రాములైంది, బూందీ 33. లడ్డు నడుము దగ్గర రెండు వైపులా ఉబ్బింది. నాకు గుండె గుభేలుమంది. షాపులో ఆడా మగా కలిసి ఉండి ఉంటే? ఈ జాతి ఆడపిల్లలు నెల, నెలన్నరకే ఈడేరతాయి. ఏడు వారాల వయసులో కొన్నది కడుపుతో రావడం అసాధ్యమేమీ కాదు. పైగా ఈనిన రోజునే మళ్ళీ కడుపు రావచ్చట. మావారు గోడ క్యాలెండర్ మీద రోజులు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మూడు వారాలు దాటాయి, పిల్లల్లేవు. "మన లడ్డు ఒట్టి లడ్డూయే" అని తేల్చారు. అందరం నవ్వేశాం. లావైంది, తింటోంది, వాటర్ బాటిల్ రోజూ నింపాల్సి వస్తోంది, అంటే బలంగా ఉందనుకున్నాం. నా కళ్ళు బూందీ మీదే ఉన్నాయి.

డిసెంబర్‌లో బూందీ తెల్లబడింది. మొదట మూతి, తర్వాత పక్కలు, క్రిస్మస్ సెలవులకి వీపు మీద బూడిదరంగు చార తప్ప ఒళ్ళంతా పాలరంగు. జనవరి మొదటి ఆదివారం తూస్తే 26 గ్రాములు! కొన్న రోజు బరువుకి వచ్చేసింది. లడ్డు మాత్రం రంగు మారలేదు. 54 గ్రాములు.

అమ్మలు నోరు విప్పలేదు. కప్పు వంచి బూందీని చేతిలోకి తీసుకుని అలాగే కూర్చుంది. చిన్నా మెల్లగా అడిగాడు. "అమ్మా, లడ్డు నిజంగా దాని తిండి తినేస్తోందా?" నేను ఆ కంగారులో "మరి చూడు ఎలా ఉందో!" అన్నాను. వాడి మొహం మారింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

రెండింటినీ తీసుకురండి

అన్ని జంతువుల ఆస్పత్రుల్లోనూ హామ్‌స్టర్లని చూడరు. చిన్న ప్రాణుల్ని చూసే వెట్ కోసం వెతికి ఫోన్ చేశాను. "బూందీ చిక్కిపోతోంది" అన్నాను. "కలిసి ఉంటున్నాయి కదా, రెండింటినీ తీసుకురండి" అంది అవతలి అమ్మాయి. తీసుకెళ్ళాం, నలుగురం.

డాక్టరమ్మ ముందు బూందీని చూసింది. ముందుపళ్ళు చూసింది. హామ్‌స్టర్ పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, వంకరపోతే గింజ కొరకలేక చిక్కిపోతాయి. పొట్ట తడిమింది, బుగ్గల సంచులు చూసింది, తోక కింద తడి ఉందేమో చూసింది. అన్నీ బాగున్నాయి. రాత్రి చక్రం తిప్పుతోందా అని అడిగింది. "రాత్రంతా!" అన్నారు పిల్లలిద్దరూ.

"ఇది జబ్బు కాదు, చలికాలం" అందావిడ.

వింటర్ వైట్ హామ్‌స్టర్ కాలాన్ని పగటి పొడవుతో కొలుస్తుంది. పగలు కురచైతే దాని ఒంట్లో లెక్క మారుతుంది. తెల్లబొచ్చు వస్తుంది, తిండి తగ్గిస్తుంది, బరువు తానంతట తానే దించుకుంటుంది. కొన్నిట్లో మూడో వంతు బరువు పోయినా ఆరోగ్యంగానే ఉంటాయి. మంచు దేశంలో ఆకలికాలం గట్టెక్కడానికి చిన్న ఒళ్ళు లాభం కదా! మా కేజ్ కిటికీ పక్కన ఉంది. డిసెంబర్‌లో ఇక్కడ పగలు ఎనిమిది గంటలు కూడా ఉండదు. బూందీ ఆ కిటికీ మాట విన్నది.

"మరి లడ్డు కూడా అదే కిటికీ పక్కన ఉంది కదా?" అన్నాడు చిన్నా.

మంచి ప్రశ్న అందావిడ. ఒకే కాన్పులో పుట్టినవాటిలో కూడా కొన్నిటికి ఈ చలికాలపు లెక్క పనిచెయ్యదట. పగలు తగ్గినా అవి మారవు. అది పుట్టుకతో వచ్చే గుణం, ఒకదానికి వస్తుంది, పక్కదానికి రాదు. కిటికీ ఒకటే, గిన్నె ఒకటే, తల్లి ఒకటే అయినా జనవరిలో ఒకటి తెల్లగా చిన్నగా, ఒకటి బూడిదగా పెద్దగా తేలవచ్చు.

అప్పుడు లడ్డుని చేతిలోకి తీసుకుంది. తీసుకుని చాలాసేపు మాట్లాడలేదు.

"నీళ్ళు ఎంత తాగుతోంది?"

బాటిల్ రోజూ నింపుతున్నామని చెప్పాను. ఇంత ప్రాణి రోజుకి తాగేది కొద్ది మిల్లీలీటర్లు. "కేజ్‌లో ఒక మూల ఎప్పుడూ తడిగా ఉంటోందా?" ఉంటోంది. "పళ్ళు, కిస్‌మిస్ లాంటివి పెడుతున్నారా?" పెడుతున్నాను, బూందీకి. లడ్డు మూత్రం బొట్టు ఒక కాగితపు పట్టీ మీద పడేలా చేసింది. మనుషులకి వాడే పట్టీయే. రంగు మారింది. షుగర్.

క్యాంప్‌బెల్ జాతికీ, ఆ రక్తం కలిసిన సంకరాలకీ మధుమేహం త్వరగా వస్తుందట. బొచ్చు రంగు మారిందీ అంటే వింటర్ వైట్ రక్తం ఉంది, షుగర్ వచ్చిందీ అంటే క్యాంప్‌బెల్ రక్తం కూడా ఉండొచ్చు, చూపుతో చెప్పలేం అంది. నేను బూందీ కోసం పెట్టిన కిస్‌మిస్‌లన్నీ లడ్డు బుగ్గల్లో కుక్కుకుని పోయి గూట్లో దాచుకుంది. అది దొంగతనం కాదు. హామ్‌స్టర్ అంటేనే దాచుకునే ప్రాణి. గిన్నె ఖాళీ అయితే తిన్నట్టు కాదు, గూడు వెతికితే గానీ తెలియదు. ఇంటికొచ్చి గూడు విప్పితే ఒక దోసెడు దొరికింది.

నాలుగు నెలలు నేను చిన్నదాని గురించి దిగులు పడ్డాను. జబ్బు పెద్దదానికి.

వెనక సీటులో ప్రశ్న

తిరిగి వస్తున్నప్పుడు వర్షం పడుతోంది. వెనక సీటులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని చిన్నా అన్నాడు. "లడ్డు తప్పు ఏం లేదమ్మా. మనం పెట్టాం, అది దాచుకుంది." నేను అవునన్నాను. కాసేపాగి అడిగాడు. "నీ కడుపులో నేను నిజంగా అమ్మలు వంతు తినేశానా?"

కారు పక్కన ఆపేశాను.

పదకొండేళ్ళుగా అందరం నవ్వుతూ అన్న మాట అది. వాడి బుగ్గ గిల్లుతూ అన్న మాట. వాడు దాన్ని నిజమనుకుని మోస్తున్నాడని నాకు తెలియదు. చిన్నప్పుడు వాడి ప్లేట్‌లో లడ్డూ పెడితే సగం చెల్లెలికి ఇచ్చేవాడు. ఎంత మంచివాడో అని పొంగిపోయేవాళ్ళం.

అప్పుడు వాడికి చెప్పింది, మీకూ చెబుతున్నాను. ఆడ, మగ కవలలు రెండు వేర్వేరు అండాల నుంచి వస్తారు. ఎవరి మాయ వారిదే, ఎవరి సంచి వారిదే. ఒకే ఇంట్లో రెండు వంటిళ్ళలాగ. ఒక వంటింట్లో గ్యాస్ సన్నగా వెలిగితే పక్క వంటింటివాళ్ళు లాగేసినట్టు కాదు. అమ్మలు చిన్నగా పుట్టడానికి వాడికీ ఏ సంబంధం లేదు. "ఎవరూ ఎవరి వంతూ తినలేదు నాన్నా" అన్నాను. అమ్మలు వాడి వైపు చూసి "నువ్వు ఆ మాట నమ్మావా? వెర్రినాగన్నా!" అంది. ఇద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బడి నుంచి వచ్చిన ఉత్తరం

ఇంగ్లండ్‌లో ఏటా బడుల్లో రిసెప్షన్ పిల్లలకీ, ఇయర్ సిక్స్ పిల్లలకీ ఎత్తూ బరువూ చూస్తారు. ఫిబ్రవరిలో మా ఇద్దరి ఫలితాలు వచ్చాయి. అమ్మలుది ముందు తెరిచాను, చేతులు వణికాయి కూడా. ఎత్తుకి తగ్గ ఆరోగ్యమైన బరువు. చిన్నాది ఉండాల్సినదానికన్నా ఎక్కువ అని ఉంది.

రెండోసారి చదివాను. అమ్మలు తినకుండా వదిలేసిన ప్లేటు ఎవరు పూర్తి చేస్తున్నారు? "వేస్ట్ చెయ్యకు నాన్నా" అని ఎవరం అంటున్నాం? వాడు పొడుగ్గా, బొద్దుగా ఉన్నాడు కాబట్టి వాడికేం అనుకున్నాం. మా మామయ్యగారికి నలభై ఏళ్ళకే షుగర్ వచ్చింది. మన దక్షిణాసియా వాళ్ళకి తక్కువ బరువులోనే మధుమేహం వచ్చే ప్రమాదం ఎక్కువ కాబట్టి, పెద్దవాళ్ళ బీఎమ్ఐ హద్దుల్ని మనకి 23, 27.5 దగ్గరే గీయమని ఇక్కడి నైస్ సంస్థ 2013లోనే చెప్పింది. ఆ లెక్కలన్నీ నాకు ముందే తెలుసు. తెలిసి కూడా చిన్నగా ఉన్నదాని వైపే చూశాను.

పిల్లలు పుట్టినప్పుడు ఇచ్చే రెడ్ బుక్ తీసి చూశాను. అందులో బరువు గీతలుంటాయి, అట్టడుగున 0.4, పైన 99.6. తొమ్మిదో గీత అంటే వందమంది పిల్లల్ని బరువు వరసలో నిలబెడితే కింద నుంచి తొమ్మిదో స్థానం. ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి కదా, అది జబ్బు కాదు. అమ్మలు చుక్కలన్నీ ఆ గీత పక్కనే, దారి తప్పకుండా వెళ్ళాయి. అప్పట్లో హెల్త్ విజిటర్ చెప్పింది కూడా: "చుక్క ఎక్కడుందని కాదు, ఏ దారిలో వెళ్తోందో చూడండి" అని. నేను తలూపి, ఇంటికొచ్చి పక్క ఉయ్యాల్లో బిడ్డతో పోల్చుకున్నాను.

మీ ఇంట్లోనూ ఉంటే

హామ్‌స్టర్లు పెంచుతున్నవాళ్ళకీ, పెంచబోయేవాళ్ళకీ నేను ఆలస్యంగా నేర్చుకున్న నాలుగు మాటలు. ఆస్ట్రేలియాలోనూ, అమెరికాలో హవాయిలోనూ వీటిని పెంచుకోవడానికి అనుమతి లేదు, అక్కడివాళ్ళు ఆశ పెట్టుకోకండి.

వారానికోసారి ఒకే వేళకి తూచి రాసుకోండి. దాని బరువుని దాని పోయినవారం బరువుతో పోల్చండి, పక్కదానితో కాదు. చిన్నగా ఉన్నా బరువు నిలకడగా ఉండి, కళ్ళు మెరుస్తూ, రాత్రి పరుగెడుతుంటే దిగులు లేదు. రోజుల వ్యవధిలో బరువు పడిపోయినా, తోక కింద తడి ఉన్నా, ముడుచుకుని కూర్చున్నా, నీళ్ళు విపరీతంగా తాగినా వెట్ దగ్గరికి వెళ్ళండి. చలికాలపు తగ్గుదలే అని మీరే తేల్చెయ్యకండి, నాకు డాక్టరమ్మ చెప్పింది కాబట్టి తెలిసింది.

డ్వార్ఫ్‌లకి తీపిపళ్ళు వద్దు. కీరదోస ముక్క, బ్రోకలీ తుంపు చాలు. ఉల్లి, వెల్లుల్లి, నిమ్మజాతి పళ్ళు, చాక్లెట్ అసలు పెట్టకండి. షాపుల్లో మిల్లెట్ స్ప్రే అని అమ్మేది మన కొర్రకంకే, అది వాటికి పండగ. షుగర్ ఉన్న హామ్‌స్టర్లకి మెంతులు పెట్టేవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు! డాక్టరమ్మ దాన్ని మందని చెప్పలేదు, నాలుగు గింజలకి వద్దనీ అనలేదు.

చలిగా ఉన్న గదిలో ఒక్కోసారి ఇవి కొన్ని గంటలు చల్లబడి, కదలకుండా పడి ఉంటాయి. చనిపోయిందని తొందరపడకండి. మెల్లగా వెచ్చబరిచి, వెట్‌కి ఫోన్ చెయ్యండి. ఊహించకుండా పిల్లలు పెడితే తిండీ నీళ్ళూ పెట్టి, మొదటి పది రోజులు గూడు ముట్టుకోకండి. బెదిరిన తల్లి పిల్లల్ని తినేయవచ్చు. అక్కచెల్లెళ్ళయినా పెద్దయ్యాక కొట్టుకుంటాయి, తిండి దగ్గర పెత్తనం చేస్తాయి. రెండో కేజ్‌కి చోటుంటేనే రెండు తెచ్చుకోండి.

మేం లడ్డుకి, బూందీకి వేరు కేజ్‌లు పెట్టేశాం. మొదటి రెండు రోజులు పిల్లలు బెంగపెట్టుకున్నారు, అవి మాత్రం పెట్టుకోలేదు. తీపి ఆపేశాక లడ్డు నెమ్మదిగా దిగింది. ఏప్రిల్‌కి 47, జూన్‌కి 44. పట్టీ రంగు ఇంకా కొంచెం మారుతూనే ఉంది, కానీ వాటర్ బాటిల్ మూడు రోజులు వస్తోంది. ఈ జాతి బతికేదే ఏడాదిన్నర, రెండేళ్ళు. దానికి ఎన్నాళ్ళుందో తెలియదు. పగలు పెరిగాక బూందీ మళ్ళీ బూడిదరంగుకి వచ్చింది, 34 గ్రాములు. మేం ఏమీ చెయ్యలేదు, సూర్యుడే చేశాడు.

ఇంట్లో ఎవరి ప్లేటు వారిదే అయింది. అమ్మలు వదిలేస్తే డబ్బాలో పెడతాను, చిన్నా ముందుకి తోయను. వాడు శనివారాలు బ్యాడ్మింటన్‌కి వెళ్తున్నాడు.

అత్తయ్యకి అన్నీ చెప్పాను. కారులో వాడు అడిగిన ప్రశ్న కూడా. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. "నేనే అన్నాను కదే ఆ మాట, ఎన్నిసార్లో" అన్నారు. "అందరం అన్నాం అత్తయ్యా" అన్నాను.

పోయిన ఆదివారం తూకం వేళకే ఫోన్ చేశారు. ఎప్పటిలా "చిన్నది ఎలా ఉంది?" అంటారనుకున్నాను.

"ముందు వాడిని పిలు. నా మనవడు టిఫిన్ తిన్నాడా?" అన్నారు.

చిన్నా చేతిలో పెన్నుతోనే పరిగెత్తుకొచ్చాడు. "తిన్నాను నాయనమ్మా, మూడే ఇడ్లీలు! లడ్డు 43!"